మోడల్ రేసింగ్ పడవకు కార్బన్ ఫైబర్ మాస్టు (తెరచాపలు కట్టే స్తంభం) పెట్టవచ్చా?

అది మీ పడవ క్లాసును, అంటే ఒకే నిబంధనలతో పోటీపడే పడవల వర్గాన్ని, బట్టి ఉంటుంది. ఇంటర్నేషనల్ వన్ మీటర్ క్లాసులో కుదరదు. అక్కడ ఎక్కువమంది వాడేది అల్యూమినియం గొట్టమే. తెరచాపల కొలతలూ నిబంధనల్లో ఖరారై ఉంటాయి. రిగ్గులు (మాస్టు, తెరచాపలు కలిసిన సెట్లు) మూడు, గాలి పెరిగితే చిన్నదానికి మారాలి.

అల్యూమినియం వంగుతుంది, పనితనమంతా ఆ వంపులోనే ఉంది. మాస్టు కొన నుంచి పడవ వెనుక భాగానికి కట్టే వెనుక తాడును బిగిస్తే మాస్టు కొన వెనక్కి లాగబడి, పెద్ద తెరచాప పొట్ట తగ్గుతుంది, మాస్టు నుంచి పడవ ముందు భాగానికి కట్టే ముందు తాడు బిగుస్తుంది. అందుకే చాలామంది మాస్టు పైభాగాన్ని ముందుగానే కాస్త ముందుకు వంచుతారు. వెనుక తాడు బిగించాక అది నిటారుగా నిలుస్తుంది, ముందు తాడు మాత్రం సడలదు. కొత్తవాళ్లు సాధారణంగా ఈ పనినే వదిలేస్తారు.

మార్బుల్‌హెడ్ అనే మరో క్లాసులో అయితే కార్బన్‌కు అడ్డు లేదు. పక్క తాళ్లు లేకుండా, రెండు తెరచాపలతో కలిసి మాస్టే తిరిగే స్వింగ్ రిగ్గు కూడా అక్కడ చెల్లుతుంది.