సముద్రంలోని సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని ఎరువుగా మారుస్తాయా? మన తీరం దగ్గర కూడా అలా జరుగుతుందా?

మారుస్తాయి. మన తీరం దగ్గర కూడా. బోటనీతో బీఎస్సీ చేసి, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఎరువుల దుకాణం పెట్టుకుని యూరియా అమ్ముకుంటున్నవాణ్ణి. ఈ ప్రశ్న చూడగానే నాకోసమే అడిగారనిపించింది.

కొన్నేళ్ళ కిందట, ఏప్రిల్ మొదటివారం. 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాటేదాకా మరపడవలు కదలవు కదా, ఆలోగా ఒక్కసారి సముద్రంలోకి తీసుకెళ్ళమని కళింగపట్నంలో ఉన్న స్నేహితుణ్ణి సతాయించాను. పోరు పడలేక ఒకరోజు తెల్లారగట్ల ఎక్కించుకున్నాడు. లైట్‌హౌస్ అగ్గిపుల్లంత అయ్యేసరికి ఎండ చురుక్కుమంది. గాలి లేదు. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. వాటి మీద బారులు బారులుగా గోధుమరంగు పొట్టు. కలప కోసే మిల్లు ముందు పడి ఉంటుందే, అచ్చం అదే.

"ఏటి బావా ఇది? ఎవడైనా ఫ్యాక్టరీ నీళ్ళు ఒగ్గేసాడేటి?" అన్నాను.

మావాడు నోరు తెరవకముందే పడవలో ఉన్న పెద్దాయన నవ్వాడు. "ఫ్యాక్టరీ నేదు, పాడూ నేదు బాబూ. మా అయ్య కాలంనుంచీ సూస్తన్నాను. ఎండలు ముదిరి గాలి ఆగితే తేల్తాది. వలకి పట్టుకుంటే కడగలేక సావాల, అదొకటే బాధ."

తాగిన నీళ్ళ సీసాలోనే కొంచెం ముంచి తెచ్చుకున్నాను. విత్తనాలు చూసే భూతద్దం పెట్టి చూస్తే అది పొట్టు కాదు, సన్నటి పీచు కట్టలు. ఒక్కోటి మిల్లీమీటరో రెండో ఉంటాయి, కొబ్బరిపీచును కత్తెరతో తరిగినట్టు. సీసా ఊపితే చెదిరి, కాసేపటికి మళ్ళీ పైకొచ్చి మెడ దగ్గర చేరాయి. కణాల్లో గాలితిత్తులు ఉంటాయి, అందుకే తేలతాయి. మర్నాడు చూద్దును కదా, నీళ్ళు రోజ్‌మిల్క్ రంగులోకి తిరిగాయి. అవి చచ్చి, లోపలి ఎర్రరంగు బయటికి కారిపోయిందన్నమాట. మా ఆవిడ మూత తీసి, ఆ వాసనకు నన్నూ సీసానూ కలిపి తిట్టి, తీసుకెళ్ళి వంగమొక్క మొదట్లో పారబోసింది. పరిశోధన అక్కడితో సమాప్తం.

దాని పేరు ట్రైకోడెస్మియం. నీలి ఆకుపచ్చ నాచుల జాతి, నిజానికి బాక్టీరియా. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా వైపు వెళ్ళినప్పుడు అందులో నావికులు కూడా దీన్ని సముద్రపు రంపంపొట్టు అనే పిలిచారు. నాకూ వాళ్ళకూ తోచింది ఒకటే. ఇది గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తుందని సముద్రంలోనే కొలిచి చెప్పింది మాత్రం 1961లో.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పడానికి ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు పైగా వేడి, 200 రెట్ల వాతావరణ పీడనం దాకా పెడతారు. అదే పని ఈ పీచు మామూలు సముద్రపు నీళ్ళలో చేస్తుంది. ఊరికే కాదు, ఒక్క నత్రజని అణువుకు 16 ఏటీపీలు (కణం ఇంధనంగా వాడుకునే అణువులు) ఖర్చు. పైగా ఆ పనిచేసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. ఇదేమో పట్టపగలు ఎండలో ఆక్సిజన్ వదులుతూనే నత్రజని పడుతుంది. పొయ్యి పక్కన కూర్చుని టపాసులు చుట్టినట్టు! ఎలా నెట్టుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మా రోజుల్లో పాఠంలో పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలు, వాటిలో నత్రజని పట్టే రైజోబియం బాక్టీరియా, ఇంతే. తీరం పొడుగూతా ఉన్న జిల్లాలో పిల్లలకి సముద్రం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక తీరం సంగతి. వరదల్లో వంశధార పొలాల్లోని నైట్రేటంతా మోసుకొచ్చి సముద్రంలో కలుపుతుంది. ఎరువు ఊరికే దొరుకుతుంటే అంత ఖర్చు పెట్టి తయారు చేసుకోవడం ఎందుకు? అప్పుడు వేరే నాచులదే రాజ్యం. వేసవిలో నది సన్నబడి, నీళ్ళు తేటబడి, నైట్రేటు కరువైనప్పుడు వీటి రోజులొస్తాయి. నడిసముద్రంలో పెరిగినదాన్ని గాలి ఒడ్డుకు తోస్తుంది కూడా. కంటికి కనిపించనివీ ఉన్నాయి. ఒక బుల్లి నాచు లోపల కాపురముండే బాక్టీరియా ఒకటి కాలక్రమంలో ఆ నాచు కణంలో భాగమే అయిపోయిందని 2024లో తేల్చారు. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. ఇలాంటివి తీరపు నీళ్ళలోనూ దొరుకుతాయి.

నత్రజని ఒక్కటీ ఉంటే సరిపోదు, వీటికి ఇనుమూ భాస్వరమూ కూడా కావాలి. ఈ ముక్క మా దుకాణానికి వచ్చేవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో! 45 కిలోల యూరియా బస్తా కోసం తెల్లారకముందే చెప్పులు లైన్లో పెడతారు. భాస్వరం ఉన్న డీఏపీ అంటే ధర చూసి తప్పుకుంటారు. జింకు అంటే నేను అంటగడుతున్నానంటారు. పీచుకున్న జ్ఞానం... పోనీండి, నా గిరాకీ పోతుంది.

ఆ వారమే మా ఊరి గ్రూపులో ఒక వీడియో తిరిగింది, సముద్రంలో కెమికల్ కలిసింది, చేపలు కొనొద్దు అని. అదే పొట్టు! నేను రాసిన నాలుగు లైన్లు ఎవరూ చదవలేదు. చేపలమ్మే ఆడవాళ్ళ గంపలు మాత్రం రెండు రోజులు అమ్ముడవక అలాగే ఉండిపోయాయి. అది మరీ గుట్టగా పోగుపడి కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి చేపలకు ఇబ్బందే, కాదనను. కానీ అది విషం కలిపినట్టు కాదు కదా.

ఆ ఏడాది జూన్‌లో వేట తెరిచాక కవ్వళ్ళు అనే చిన్న చేపలు విరగబడ్డాయి. ఏప్రిల్‌లో పొట్టు వేసిన ఎరువుకు పంట అదేనని నా వాదన. అనుమానమే అక్కర్లేదు నాకు. మావాడితో అంటే వల దులుపుతూ, "రెణ్ణెల్లు ఎవుడూ వల వెయ్యకపోతే చేపలు పడక ఏటౌతాయి బావా" అన్నాడు.