సెస్నా 172లో గాలి వెంట్‌లు మార్చేముందు వాటి వెనక గొట్టం చూడండి

సెస్నా 172 అనే చిన్న విమానంలో విండ్‌షీల్డ్ పైమూలల్లో ఉండే పాత ప్లాస్టిక్ వెంట్‌లు మూసినా చలిగాలి కొడుతోంది, వానొస్తే నీళ్లు కారుతున్నాయి, అల్యూమినియంవి వేయిస్తే పోతుందా అని అడిగారు. వేయించండి, మంచివే. మీ మోడల్‌కీ సీరియల్ నంబరుకీ వర్తించే ఎస్‌టీసీ (విమానంలో మార్పుకు విమానయాన అధికారులిచ్చే ఆమోదపత్రం) ఉందో లేదో కొనకముందే చూసుకోండి. పని పూర్తయ్యాక లాగ్‌బుక్‌లో లైసెన్సున్న మెకానిక్ సంతకం ఉండాలి. అయితే వెంట్ ఒక్కటే మార్చి ఊరుకుంటే డబ్బు దండగ. చాలాసార్లు లీకు ఉండేది దాని వెనక.

ఇది తేల్చడం తేలికే. రెక్క ముందు అంచులో, క్యాబిన్ పక్కనే, గాలి లోపలికొచ్చే రంధ్రం ఉంటుంది. ముందు టార్చి వేసి చూడండి, కందిరీగలు మట్టిగూళ్లు పెట్టడానికి ఇష్టపడే చోటది. తర్వాత ఆకులు ఊదే బ్లోయర్‌తో, తక్కువ వేగంలో, ఒకరు అందులోకి గాలి కొట్టాలి. ఇంకొకరు లోపల వెంట్ మూసేసి, టిష్యూ కాగితం పీలిక పట్టుకుని చుట్టూ తిప్పాలి. పీలిక వెంట్ నోటి దగ్గర ఊగితే తప్పు వెంట్‌ది. ప్లాస్టిక్ కవర్ అంచునో సీలింగ్ బట్ట కుట్టు దగ్గరో ఊగిందంటే వెనకున్న గాలి గొట్టం చిరిగింది, లేదా దాన్ని పట్టి ఉంచే క్లాంప్ జారింది.

అసలు కష్టమంతా ఆ కవర్ విప్పడంలోనే. ఏళ్ల తరబడి ఎండకు మాడి గుడ్డు పెంకులా పెళుసెక్కి ఉంటుంది. చలిలో దాని జోలికి వెళ్లొద్దు, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి అప్పుడు కదపండి. రాకపోతే లాగకండి, ఎక్కడో ఇంకో స్క్రూ దాగుంది. చీలిందా, చీలిక కొసన చిన్న రంధ్రం వేస్తే అక్కడితో ఆగుతుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ ముక్కలు అసిటోన్‌లో కరిగించిన ముద్దను వెనకవైపు రాసి అతికించొచ్చు. ఆ పని మాత్రం విమానానికి దూరంగా చేయండి, ఒక్క చుక్క పడినా విండ్‌షీల్డ్ పాడవుతుంది.

కవర్ తీశాక నీలిమరక కనిపిస్తే, పెట్రోలు వాసన వస్తే పని ఆపేయండి. ఈ విమానాల్లో పోసే 100ఎల్‌ఎల్ పెట్రోలు నీలిరంగులో ఉంటుంది, దాని ట్యాంకు ఆ పక్కనే ఉంది. ముందు ఆ లీకు సంగతి తేలాలి, అప్పటిదాకా డ్రిల్ తీయొద్దు.

గొట్టం సైజు కంటి అంచనాతో కాకుండా, అది తొడిగే గట్టి గాలిమార్గం (డక్ట్) బయటి వ్యాసం కొలిచి తీసుకోండి. విమానాలకని చేసిన, తీగచుట్టు ఉన్న నియోప్రీన్ గొట్టమే వాడాలి. కోసిన చోట తీగ మొన బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని వెనక్కి వంచి గుడ్డపొరలో దోపాలి. డక్ట్ చివర ఉబ్బెత్తు అంచు దాటాకే క్లాంప్ పడాలి, అంచు మీదే బిగిస్తే నాలుగు రోజుల్లో జారుతుంది. పొడవు ఎక్కువైతే గొట్టం వేలాడి అందులో నీళ్లు నిలుస్తాయి, మీ వాన లీకు సగం అదే కావచ్చు. విమానాన్ని పక్కకు వంచే ఎయిలరాన్ (రెక్క వెనక అంచు పలక) కేబుళ్లు ఆ చుట్టుపక్కలే వెళ్తాయి కాబట్టి యోక్‌ను (పైలట్ చేతిలోని స్టీరింగ్‌ను) ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ఏదీ రాసుకోవడం లేదని కళ్లతో చూడండి.

వెనిగర్ వాసన కొట్టే సిలికోన్ సీలెంట్‌ను దయచేసి విమానం దరిదాపులకు రానివ్వకండి. ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇంకా బాధ కలిగించేది, చలికాలమంతా రెక్క అంచులోని ఆ గాలి రంధ్రంలో స్పంజి కుక్కి టేపు వేసేయడం. క్యాబిన్ హీటర్‌కు వేడి వచ్చేది ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ ఉన్న తొడుగు నుంచి. మఫ్లర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా లోపలికొస్తుంది. అప్పుడు హీటర్ మూసి వెంట్‌లు బార్లా తెరవాలి, తెరిస్తే గాలి రావాలి. అందుకే కొత్త వెంట్ ఎంత బిగుతుగా మూసుకుంటుందో చూసినట్టే, ఒంటిచేత్తో ఎంత సులువుగా తెరుచుకుంటుందో కూడా చూడండి.

కవర్ బిగించకముందే బ్లోయర్ పరీక్ష మళ్లీ చేయండి. ఆ పెళుసు ప్లాస్టిక్ రెండోసారి విప్పితే దక్కదు.