బోస్టన్ వెళ్తే మాక్‌డవెల్ అడవి స్టూడియోలు చూడొచ్చా? నా అనుభవం

కొడుకు దగ్గరికి బోస్టన్ వెళ్తున్నాం, మాక్‌డవెల్ స్టూడియోలు చూడొచ్చా అని అడిగారు కదా, చూడొచ్చు అన్నా. కానీ మీరు రాసినట్టు కొడుకు దగ్గర బోస్టన్‌లో ఉన్నప్పుడు ఏదో ఒక శనివారం కారేసుకుని పోదామంటే కుదరదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పీటర్‌బరో అనే చిన్న ఊరి పక్కన దాదాపు 450 ఎకరాల అడవిలో, రచయితలు, సంగీతకారుల్లాంటి కళాకారులు కొన్నాళ్లు ఉండి తమ పని చేసుకునే చోటు అది. 1907లో సంగీతకారుడు ఎడ్వర్డ్ మాక్‌డవెల్, ఆయన భార్య మరియన్ మొదలుపెట్టారు. స్టూడియోలు 32 ఉన్నా చెట్ల మధ్య దూరదూరంగా కట్టారు, పిలవకుండా ఒకరి తలుపు ఇంకొకరు తట్టకూడదు, తోటి కళాకారులైనా సరే. మధ్యాహ్నం భోజనం కూడా బుట్టలో తెచ్చి వాకిట్లో పెట్టేసి పోతారు.

మీ వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు రంగులేసేవాళ్లు పనిమధ్యలోనే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు కదా, అది చూసిన కళ్లకు ఇదంతా వింతే.

బయటి జనం వెళ్లాల్సింది మెడల్ డే నాడు, అంటే ఒక కళాకారుడికి మాక్‌డవెల్ మెడల్ ఇచ్చే రోజు. మామూలుగా అక్కడి ఎండాకాలంలో, అంటే జులై, ఆగస్టుల్లో ఒక ఆదివారం పెడతారు, తేదీ మాత్రం వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే విమానం టికెట్లు బుక్ చేసుకోండి. 1960లో మొదటి మెడల్ అమెరికన్ రచయిత థార్న్‌టన్ వైల్డర్‌కు ఇచ్చారు. ముందు సభ, తర్వాత భోజనాలు, ఆ తర్వాత స్టూడియోలు తెరుస్తారు. మేం కడప నుంచి కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు పులిహోర కట్టుకుని పోయి గడ్డిలో కూర్చుని తిన్నాం, అక్కడ అందరూ అంతే.

లోపలికెళ్తే ముందు గోడలకున్న చెక్క పలకలు చూడండి. ఆ గదిలో ఉండి వెళ్లిన ప్రతి ఒక్కరూ సంతకం చేసి తేదీ వేస్తారు, పాతవాటిలో సిరా వెలిసిపోయి కొన్ని పేర్లు ఆనవు. రచయిత జేమ్స్ బాల్డ్విన్, సంగీతకారుడు ఆరన్ కోప్లాండ్ లాంటివాళ్లు ఉండి పనిచేసుకున్న చోటు మరి. ఒక స్టూడియోలో పియానో పక్కన గోడంతా సంగీతం రాసిన కాగితాలే. మా ఆవిడ అక్కడ ఉంటున్న సంగీతకారిణిని మా కూతురి చేత "రాత్రిళ్లు ఒక్కదానివే, భయం వేయదా?" అని అడిగించింది. టార్చిలైటు ఉందని నవ్వేసింది.

అన్నీ చూడాలని టెన్షన్ పడకండి, నాలుగైదు చాలు. నడక ఎక్కువే. గడ్డిలో పిడుదులుంటాయి, కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు, ఫుల్ ప్యాంటు, సాక్సు వేసుకోండి. బస్సులను నమ్ముకోవద్దు, ఆ ఆదివారం కారు ఖాళీగా పెట్టమని కొడుక్కి ఇప్పుడే చెప్పండి.