పురుగుల పెంపకం కోసం డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. కొద్దిగా వరి, 150 నాటుకోళ్లు ఉన్నాయి. పంట వ్యర్థాలపై బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్ల పురుగులను మేత కోసం పెంచితే, ఎండబెట్టిన సరుకును కిలో 60 రూపాయలకు కొంటామని ఒక సంస్థ చెబుతోంది. షెడ్డుకు, కిట్టుకు 6 లక్షలు కావాలి. అమ్మాయి చదువుకు దాచిన 4 లక్షల డిపాజిట్ తీసి, మిగతాది బంగారం మీద తెద్దామనుకుంటున్నాము. మంచిదేనా?

జవాబు: డిపాజిట్‌ను కదపవద్దు, బంగారం తాకట్టు పెట్టవద్దు. ఈ పెంపకం మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. ఎండిన పురుగులో సుమారు 40 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఐరోపా సమాఖ్య 2017లో చేపల మేతకు, 2021లో కోళ్ల, పందుల మేతకు పురుగుల మాంసకృత్తులను అనుమతించింది. నా అభ్యంతరమంతా ఆ 60 రూపాయల లెక్క మీదనే.

పచ్చి పురుగులో మూడింట రెండు వంతులు నీరే కాబట్టి, కిలో ఎండు సరుకుకు దాదాపు మూడు కిలోల పచ్చి పురుగులు కావాలి. 100 కిలోల తడి వ్యర్థానికి 15 కిలోల పురుగులు వచ్చాయనుకున్నా, ఎండాక మిగిలేది 5 కిలోలు, చేతికి వచ్చేది 300 రూపాయలు. వ్యర్థం తెచ్చిన ఆటో కిరాయి, ఎండబెట్టే ఖర్చు, కూలి అన్నీ అందులోంచే పోవాలి. ఖర్చులు తీయకముందే నెలకు 15,000 కనిపించాలంటే 5 టన్నుల వ్యర్థం మీ షెడ్డుకు చేరాలి. మీ పొలంలో మిగిలే వరిగడ్డి ఇందుకు పనికిరాదు, దానిలోని గట్టి పీచును ఈ పురుగులు సరిగా అరిగించుకోలేవు. జీడిమామిడి పండ్లు వేసవిలోనే దొరుకుతాయి, తవుడు కొనాల్సిందే.

మీకున్న అసలైన కొనుగోలుదారు మీ కోళ్లే. వాటికి పురుగులను పచ్చిగానే వేయవచ్చు, కనుక ఎండబెట్టే ఖర్చు, రవాణా, బేరం ఏవీ ఉండవు. పోయినా ఇల్లు కుదుపుకు గురికానంత సొమ్ముతో, అంటే పది పదిహేను వేలతో, నాలుగు తొట్లు పెట్టి, వంటింటి, సంత వ్యర్థాలతో మొదలుపెట్టండి. గుడ్డు పొదిగిన రెండు మూడు వారాల్లో పురుగు కోతకు వస్తుంది. మూడు నెలల పాటు కొన్న దాణాను తూచి పుస్తకంలో రాయండి. తగ్గిన ప్రతి కిలో మీ ఆదాయమే.

ఆ సంస్థ ఒప్పందంలో ధర ఎన్నేళ్లు నిలుస్తుందో, సరుకును తిరస్కరించే హక్కు ఎవరిదో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. తిరిగి కొంటామన్న మాట నమ్మి ఈము పక్షులను పెంచినవారు ఎంత నష్టపోయారో మన ప్రాంతంలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పుస్తకంలోని లెక్క లాభం చూపితే, విస్తరణకు ముద్ర పథకంలోని కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు తాకట్టు లేని రుణం అడగవచ్చు. ఆ పుస్తకాన్ని వెంట తీసుకొని బ్యాంకుకు వెళ్లండి.