దించడం సులువే, నిలపడమే పని

రాయగడ

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. గిటార్‌ని ఓపెన్ ఇ (తీగలు ఖాళీగా మీటినా ఇ కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల కూర్పు, పలికే ట్యూనింగ్) లోకి మార్చబోతే నాలుగో తీగ టప్పున తెగిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తీగ పోతే పోయిందిలే, కంటికి తగల్లేదు, అదే పదివేలు. కొరాపుట్ ప్రోగ్రామ్‌లో ట్యూనింగ్ మార్చి వాయించాలని నీకు పట్టుదలగా ఉందట కదా. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతుందని రాస్తున్నాను.

ముందు ఆ తీగ ఎందుకు తెగిందో చూడు. ఓపెన్ ఇ కోసం ఐదో తీగనీ నాలుగో తీగనీ ఒక్కో స్వరం (అంటే రెండు ఫ్రెట్లు, మెడ మీది రెండు గడుల ఎత్తు) పైకి, మూడోదాన్ని అర స్వరం పైకి లాగాలి. నీ గిటార్‌కి ఉన్నవి పన్నెండు గేజ్ (మందం కొలత) తీగలు ఆరు. మామూలు ట్యూనింగ్‌లోనే ఆ ఆరూ కలిపి మెడ మీద 70 కిలోలకు పైగా బరువు లాగుతుంటాయి. ఏ తీగనైనా ఒక స్వరం పైకి తీస్తే దాని లాగుడు పాతిక శాతానికి పైనే పెరుగుతుంది. అదే ఒక స్వరం కిందికి దించితే 20 శాతం దాకా తగ్గుతుంది. అందుకని ఎప్పుడూ దించే ట్యూనింగులే ఎంచుకో. ఓపెన్ ఇ కావాలంటే ఓపెన్ డి (అదే కూర్పు ఒక స్వరం కింద) పెట్టి రెండో ఫ్రెట్‌లో కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించు. అవే స్వరాలు పలుకుతాయి, తీగకి ప్రాణగండం ఉండదు. పైగా మీ బరంపురం గోపాలపూర్ సముద్రానికి దగ్గర. ఆ ఉప్పుగాలికి తీగ ఊరికే తుప్పు పడుతుంది. వేలితో రాస్తే గరుకుగా తగిలిన తీగ జోలికి వెళ్లకు, మార్చేసెయ్.

ఇంటర్నెట్‌లో ముప్ఫై రకాల ట్యూనింగులు దొరుకుతాయి. అవన్నీ నేర్చుకోవాలనుకోవడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. నీకు రెండు చాలు. ఒకటి డ్రాప్ డి: అన్నిటికన్నా లావైన ఆరో తీగ ఒక్కటే ఇ నుంచి డి కి దిగుతుంది. రెండోది డి-ఎ-డి-జి-ఎ-డి. బ్రిటన్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ మొరాకోలో ఔద్ (అరబ్బుల తీగవాద్యం) వాయించేవాళ్లతో కలిసి వాయించడానికి దీన్ని పట్టుకుని, 1960ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. మనకు మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించదు. డి ని షడ్జమం అనుకుని లావు తీగ నుంచి మీటి చూడు: స, ప, స, మ, ప, స. గాంధారం లేదు కాబట్టి ఏ గాంధారం ఉన్న రాగమైనా దీని మీద నడుస్తుంది. కానీ మోహనంలో మధ్యమం లేదు, కల్యాణిలో ఉన్నది ప్రతిమధ్యమం. ఆ రెండింట్లో మూడో తీగను ఖాళీగా మోగనివ్వకు. హిందోళంలో అసలు పంచమమే లేదు, దానికి ఈ ట్యూనింగే వద్దు.

ఇక మార్చే పద్ధతి. స్టాండర్డ్ (మామూలు ట్యూనింగ్, లావు తీగ నుంచి ఇ-ఎ-డి-జి-బి-ఇ) నుంచి డి-ఎ-డి-జి-ఎ-డి లోకి వెళ్లడానికి ఆరు, రెండు, ఒకటి, ఈ మూడు తీగలే ఒక్కో స్వరం దిగుతాయి. ఐదు, నాలుగు, మూడు ఉన్నచోటే ఉంటాయి. ముందు ఈ మధ్య మూడింటినీ కచ్చితంగా సరిచూసుకో. తర్వాత ట్యూనర్ లేకపోయినా పని జరుగుతుంది. ఆరో తీగని ఖాళీ నాలుగో తీగతో కలిపి మీటి, కింది స్థాయి డి వచ్చేదాకా దించు. రెండోదాన్ని ఖాళీ ఐదో తీగతో, ఒకటోదాన్ని నాలుగో తీగతో అలాగే కలుపు, అవి పై స్థాయిలో పలుకుతాయి. తేడా ఉంటే వూం... వూం... అని అల కొట్టుకుంటుంది. ఆ అల నెమ్మదించి ఆగిపోయేదాకా తీగ బిగించే కీ తిప్పు.

దించేటప్పుడు సరిగ్గా డి దగ్గర ఆపెయ్యకు. ఇంకాస్త కిందికి వెళ్లి, అక్కణ్నుంచి పైకి వచ్చి ఆపు. కీ లోపలి పళ్లచక్రాల మధ్య సన్నటి వదులు ఉంటుంది. పైనుంచి దిగి ఆపితే ఆ వదులు అలాగే మిగిలి, నాలుగు దెబ్బలు పడగానే తీగ జారుతుంది. ఆపాక పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి వదులు. శృతి తగ్గితే మళ్లీ కలుపు. కీ తిప్పుతుంటే టిక్కుమని చప్పుడై స్వరం ఒక్కసారిగా గెంతిందంటే, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో తీగ ఇరుక్కుంటోందన్నమాట. తీగ పక్కకు తీసి, గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దు. మూడు తీగల లాగుడు తగ్గేసరికి మెడ కొంచెం వెనక్కి వెళ్తుంది, మధ్య తీగల శృతి ఓ వెంట్రుకవాసి పెరుగుతుంది. కాబట్టి ఆరింటినీ రెండోసారి చూడాల్సిందే. ఒక్కసారితో అయిపోయిందనే వాళ్లని నమ్మకు.

తిరిగి స్టాండర్డ్‌కి రావడం నీకు తెలిసిందే: ఆరో తీగ ఐదో ఫ్రెట్‌లో నొక్కితే ఖాళీ ఐదోదానితో, మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లో నొక్కితే ఖాళీ రెండోదానితో, రెండోది ఐదో ఫ్రెట్‌లో నొక్కితే ఖాళీ ఒకటోదానితో కలవాలి.

డ్రాప్ డి లో కార్డులు ఊరికే మోసం చేస్తాయి. ఆరో తీగ మీద జి ఇప్పుడు మూడో ఫ్రెట్‌లో ఉండదు, ఐదులో ఉంటుంది. వేలు అలవాటు కొద్దీ మూడుకే పోతుంది, అక్కడ పలికేది ఎఫ్. ఇది ఇంట్లో సాధన చెయ్యాల్సిందే, స్టేజీ మీద సర్దుకుందామంటే కుదరదు.

కొరాపుట్‌లో ప్రోగ్రామ్ జరిగే మందిరంలో హార్మోనియం ఉంటుందని మర్చిపోకు. అది పాతదైతే నీ ఫోన్ ట్యూనర్ చెప్పే 440 హెర్ట్జ్ ప్రమాణానికి కలవకపోవచ్చు. హార్మోనియాన్ని మనం మార్చలేం, మనమే దానికి కలవాలి. డి మెట్టు నొక్కిపట్టమని, నాలుగో తీగని చెవితో కలిపి, మిగిలినవి దాన్నుంచి కలుపుకో. పాడేవాళ్ల శృతి ముందే అడుగు. నీ ఖాళీ తీగలు రెండు శృతి, అంటే డి. నాలుగు శృతికైతే కేపో మూడో ఫ్రెట్‌లో, అమ్మాయిలు ఐదు శృతికి పాడతామంటే ఐదో ఫ్రెట్‌లో. కేపో పెట్టాక శృతి మళ్లీ చూడు, గట్టిగా బిగిస్తే తీగలు పైకి పోతాయి.

డిసెంబర్లో కొరాపుట్ చలి మీ బరంపురం వాళ్లకి తెలీదు. చలికి ఉక్కు తీగ బిగుసుకుని శృతి పెరుగుతుంది, లైట్ల వేడికి దిగుతుంది. గంట ముందే గిటార్ సంచిలోంచి తీసి స్టేజీ పక్కన పెట్టు. పాటల వరస నువ్వే రాయి: తెలుగు పాటలైనా ఒడియా భజనలైనా స్టాండర్డ్‌వి ముందు, దించినవి తర్వాత, ఒక్కసారే మారేలా. మారుస్తున్నప్పుడు ఎవరినైనా రెండు మాటలు మాట్లాడమను. కీలు తిప్పే చప్పుడు మైకులో వినిపించకుండా వాల్యూమ్ తగ్గించు.

రాయగడ మీదుగానే కదా వెళ్లేది. బస్టాండుకి వస్తాను, నా దగ్గరున్న రెండో గిటార్ దించిన ట్యూనింగ్‌లో కలిపి ఇస్తాను. అసలు మార్చే బాధే ఉండదు. విడి తీగలు మాత్రం నువ్వే కొనుక్కో, ఒకటోవి రెండు, నాలుగోది ఒకటి.

మీ మావయ్య