టగ్గుల టెక్నికల్ పనికి సాఫ్ట్‌వేర్: ముందు మెషినరీ పట్టిక, తర్వాతే కొనుగోలు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కృష్ణపట్నం పోర్టులో నాలుగు టగ్గులు (పెద్ద ఓడల్ని లాగి, తోసి బెర్తుకి చేర్చే పడవలు), రెండు పైలట్ లాంచీలు (ఓడకి దారి చూపే పైలట్‌ని తీసుకెళ్లేవి), ఒక డంబ్ బార్జి (సొంత ఇంజన్ లేనిది) నడిపే చిన్న కంపెనీ. మెయింటెనెన్స్ లెక్కలు సగం ఎక్సెల్‌లో, సగం చీఫ్ ఇంజనీర్ల డైరీల్లో ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, పడవల మీద వాళ్ల చేత ఎలా నింపించాలి అని అడిగారు.

ఏది కొనాలన్నది చివర్లో చూసుకోవచ్చు. డెమోలో ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది అమ్మేవాళ్లు శుభ్రంగా తయారుచేసుకున్న డేటా. మీ టగ్గుల డేటా మీరే తయారు చేసుకోవాలి. అది సరిగ్గా ఉంటే మామూలు ప్యాకేజీ కూడా పనిచేస్తుంది. అది తప్పుగా ఉంటే ఎంత ఖరీదైనది కొన్నా ఏడాది తిరిగేసరికి అందరూ మళ్లీ ఎక్సెల్‌కే వస్తారు. అందుకే నా జవాబులో ఎక్కువ భాగం డేటా గురించే.

మొదటి పని మెషినరీ పట్టిక, అంటే ఏ యంత్రం కింద ఏ భాగం ఉందో చూపే చెట్టు. నౌకల్లో చాలామంది వాడేది నార్వేలో పుట్టిన ఎస్ఎఫ్ఐ కోడింగ్. అందులో 6వ గ్రూపు ప్రధాన యంత్రాలు, 7వది వాటికి నూనె, నీళ్లు, గాలి అందించే సిస్టమ్‌లు, 8వది బిల్జ్ (అడుగున చేరే నీళ్లని తోడేది), ఫైర్ (మంటలార్పేది), కరెంటు లాంటి ఓడంతటికీ చెందినవి. మీరు పూర్తి ఎస్ఎఫ్ఐ పాటించకపోయినా ఆ గ్రూపుల క్రమం తీసుకోండి. సొంతంగా నంబర్లు కనిపెడితే రేపు ఇంకో టగ్గు కొన్నప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

చెట్టు ఎంత లోతుకి పోవాలి? సొంత సీరియల్ నంబరు ఉండి, విడిగా ఊడదీసి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) చేసే ప్రతి భాగానికీ ఒక లైను ఇవ్వండి. గాస్కెట్, ఓ-రింగ్, ఫిల్టర్ ఎలిమెంట్ లాంటివి స్పేర్ల జాబితాలోకి పోతాయి, చెట్టులోకి కాదు. పోర్ట్ (ఎడమవైపు) మెయిన్ ఇంజన్ కింద టర్బోచార్జర్, ఒక్కొక్క సిలిండర్ హెడ్, ఫ్యూయల్ పంపులు, గవర్నర్, లూబాయిల్ కూలర్ రావాలి. అజిమత్ థ్రస్టర్ (ఏ దిక్కుకైనా తిరిగే ప్రొపెల్లర్ యూనిట్) కింద క్లచ్, స్టీరింగ్ హైడ్రాలిక్ పంపు, షాఫ్ట్ సీల్ రావాలి. రెండు ఇంజన్లని ‘మెయిన్ ఇంజన్, సంఖ్య 2’ అని ఒకే లైనులో మాత్రం రాయొద్దు. పోర్ట్ ఇంజన్ గంటలు, స్టార్‌బోర్డ్ (కుడివైపు) ఇంజన్ గంటలు అక్కడే కలిసిపోతాయి, తర్వాత విడదీయడం చాలా కష్టం.

నాలుగూ ఒకే డిజైన్ టగ్గులైతే ఒకదాని పట్టిక తయారుచేసి మిగతా మూడింటికి కాపీ కొట్టాలనిపిస్తుంది. కొట్టండి, కానీ ఇంజన్ రూములోకి దిగి ప్రతి నేమ్‌ప్లేటునీ ఫోనుతో ఫొటో తీసి సరిపోల్చండి. కొన్నేళ్లు పనిచేసిన టగ్గులో పంపో, కంప్రెసరో ఎప్పుడో వేరే కంపెనీదానికి మారిపోయి ఉంటుంది. కాగితం మీద మాత్రం పాతదే ఉంటుంది. ఆ కాగితం చూసి ఆర్డరిచ్చిన సీల్ కిట్ సరిపోదు.

ఇక రన్నింగ్ అవర్స్, అంటే యంత్రం తిరిగిన గంటలు. ఈ వ్యవస్థకి ప్రాణం ఇదే, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

ఇంజన్‌కి ఒక మీటర్ ఉంటుంది. దాని మీదున్న టర్బోచార్జర్‌కి, హెడ్‌లకి, పంపులకి విడి మీటర్లుండవు, అవి తల్లి యంత్రం గంటలే తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఈ లంకె పెట్టకపోతే ఇంజనీరు ఒకే అంకెని పది చోట్ల కొట్టాలి. నెల తిరక్కముందే కొట్టడం మానేస్తాడు. రెండో సమస్య మీటర్ పాడై కొత్తది వేసినప్పుడు వస్తుంది. పాత మీటర్ 18,400 దగ్గర ఆగి, కొత్తది సున్నాతో మొదలైందనుకోండి. ఆ 18,400ని ఆఫ్‌సెట్‌గా కలిపే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. అది లేకపోతే పన్లన్నీ ఒక్కసారిగా ‘ఇంకా చాలా టైముంది’ అని చూపిస్తాయి.

మూడోది ఇంకా ప్రమాదం: భాగాలు ఒక టగ్గు నుంచి ఇంకో టగ్గుకి, ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కి మారడం. ఉదాహరణకి సిలిండర్ హెడ్ ఓవర్‌హాల్ 12,000 గంటలకి అనుకుందాం. ఒక టగ్గులో 9,000 గంటలు తిరిగిన హెడ్‌ని తీసి, చిన్న రిపేరు చేసి, స్పేరుగా పక్కన పెట్టారు. కొన్నాళ్లకి అదే హెడ్ ఇంకో టగ్గు ఐదో సిలిండర్‌కి ఎక్కింది. ‘ఐదో సిలిండర్ హెడ్ మార్చాం’ అని జాబ్ (సాఫ్ట్‌వేర్‌లో ఆ పనికున్న లైను) క్లోజ్ చేయగానే సాఫ్ట్‌వేర్ లెక్క సున్నా నుంచి మొదలుపెట్టింది. మళ్లీ 12,000 దాటాక ఓవర్‌హాల్ అడుగుతుంది. అప్పటికి ఆ హెడ్ నిజంగా తిరిగింది 21,000 గంటలు. వాల్వ్ సీటు దగ్గర పగులు ఎందుకొచ్చిందని అప్పుడు తల పట్టుకుంటే లాభం లేదు. గంటలు భాగం సీరియల్ నంబరు వెంట పోవాలి, అది కూర్చున్న చోటుకి అంటుకుని ఉండకూడదు. టర్బో కార్ట్రిడ్జి, ఇంజెక్టర్లు, స్టార్టింగ్ ఎయిర్ కంప్రెసర్‌కీ ఇదే లెక్క. హెడ్‌లకి నంబరు పంచ్ కొట్టి లేకపోతే ముందు ఆ పని చేయించండి.

పన్ల గడువు లెక్కలో రెండు రకాలుంటాయి, ఈ తేడా తెలియక సర్టిఫికెట్లు పోగొట్టుకున్న కంపెనీలున్నాయి. ఆయిల్ మార్పు లాంటివి చివరిసారి చేసిన రోజు నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది. క్లాస్ సర్వేలు (ఓడలకి సర్టిఫికెట్లిచ్చే క్లాసిఫికేషన్ సొసైటీ చేసే తనిఖీలు) అలా కావు. యాన్యువల్ సర్వేకి యానివర్సరీ తేదీ స్థిరం, దానికి అటు మూడు నెలలు, ఇటు మూడు నెలలు కిటికీ, అంటే సర్వే చేయించుకునే వ్యవధి ఉంటుంది. రెండు నెలలు ముందు చేయించినా వచ్చే ఏడాది తేదీ మారదు. స్పెషల్ సర్వే ఐదేళ్లకి, ఆ ఐదేళ్లలో అడుగుభాగం తనిఖీ రెండుసార్లు జరగాలి, రెండింటి మధ్య 36 నెలలు మించకూడదు. ఇది అంతర్జాతీయంగా ఉన్న మామూలు చట్రం. మీ ఐఆర్ఎస్ (ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్) సర్టిఫికెట్లలో, క్లాస్ స్టేటస్‌లో ఉన్న తేదీలనే ఎక్కించండి. గడువు తేదీ ఒక్కటే కాక, కిటికీ తెరుచుకునే తేదీ, మూసుకునే తేదీ కూడా ఎక్కించి, తెరుచుకున్న రోజునే హెచ్చరిక వచ్చేట్టు పెట్టండి. ప్రాణరక్షణ సామాను లెక్కలు మళ్లీ వేరు. లైఫ్‌రాఫ్ట్ సర్వీసు 12 నెలలకి. వాడి పారేసే రకం హైడ్రోస్టాటిక్ రిలీజ్ యూనిట్ (పడవ మునిగితే నీటి ఒత్తిడికి రాఫ్ట్‌ని విడిపించేది) రెండేళ్లకి మార్చాలి, దాని మీద ముద్రించిన గడువే చూడాలి. ఈపీఐఆర్బీకి (ప్రమాదంలో సిగ్నల్ పంపే బీకన్) ఏటా టెస్టు, ఐదేళ్లకోసారి ఒడ్డున సర్వీసు. రాఫ్ట్ సర్వీసై వచ్చాక పాత రిలీజ్ యూనిట్‌నే తిరిగి బిగించడం తరచూ కనిపించే తప్పు, అందుకే ఈ రెండు పన్లకీ లంకె పెట్టండి.

ఎన్నాళ్లకి ఏ పని అనేదానికి మొదటి ఆధారం మేకర్ (యంత్రం తయారుచేసిన కంపెనీ) మాన్యువల్. కానీ మాన్యువల్ రాసినవాళ్లు కృష్ణపట్నం పోర్టున్న కండలేరు ముఖద్వారం చూసుండరు. ఈశాన్య రుతుపవనాల్లో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఉప్పుటేరు నీళ్లతో వచ్చే ఒండ్రు సీ చెస్ట్ స్ట్రైనర్లని (సముద్రపు నీళ్లు లోపలికొచ్చే చోటి జల్లెళ్లని) చూస్తుండగానే పట్టేస్తుంది. జెల్లీఫిష్ గుంపులొచ్చే రోజుల్లో ఇంకా త్వరగా మూసుకుపోతాయి. బొగ్గు బెర్తు పక్కన గంటల తరబడి స్టాండ్‌బైలో ఉండే టగ్గుకి ఎయిర్ ఫిల్టర్లు మాన్యువల్ చెప్పినంత కాలం నిలవవు. ఇలాంటి పన్లకి గడువు తేదీ బదులు కొలత పెట్టుకోవడం మేలు. ఎయిర్ ఫిల్టర్‌కి ప్రెషర్ డ్రాప్ మేకర్ చెప్పిన హద్దు చేరగానే, ప్లేట్ కూలర్‌కి అదే లోడు మీద నీళ్ల ఉష్ణోగ్రత మామూలు కంటే మూడు నాలుగు డిగ్రీలు పెరగ్గానే జాబ్ తెరుచుకోవాలి. దానికి రోజూ ఆ రీడింగ్ ఎక్కాలి, లాగ్ షీట్లో ఆ రెండు గళ్లు తప్పనిసరి చేయండి.

టగ్గు ఇంజన్లు గంటల కొద్దీ ఐడిల్‌లో ఉంటాయి, మధ్యలో ఓడని బెర్తుకి తోసే అరగంట ఫుల్ లోడు. గంటల మీటర్ ఈ రెండింటికీ తేడా చూడదు. అందుకే లూబాయిల్ శాంపిల్ మానొద్దు. నూనెలో డీజిల్ కలవడం, నీళ్లు చేరడం, ఇనుము పెరగడం ఫలితంలోనే ముందు బయటపడతాయి. రిపోర్టులోని అంకెలని సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇంజన్ కిందే ఎక్కించండి, పీడీఎఫ్ అంటించి వదిలేస్తే పెరుగుతున్న వరస కంటికి కనపడదు. ఎమర్జెన్సీ ఫైర్ పంపు లాంటివి ఏడాదికి కొన్ని గంటలే తిరుగుతాయి కాబట్టి వాటికి క్యాలెండర్ గడువు మాత్రమే పెట్టాలి. ఆయిల్ మార్పులకి గంటలూ, నెలలూ రెండూ పెట్టి, ఏది ముందొస్తే అది అనండి.

జాబుల సంఖ్య గురించి గట్టిగా చెబుతాను. అమ్మేవాళ్లు మాన్యువళ్లన్నీ దించి ఒక్కో టగ్గుకి వెయ్యి, పదిహేను వందల జాబులు తయారుచేసి ఇస్తారు. అలాంటిది వద్దు. హార్బర్ టగ్గుకి 350 నుంచి 450 చాలు. రోజువారీ తనిఖీలు లాగ్ బుక్కులోనే ఉంచండి, వారానికి లోపు చేసే ఏ పనినీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టొద్దు. ముగ్గురు మనుషులున్న ఇంజన్ రూములో రోజుకి ఇరవై జాబులు కనిపిస్తే, ఆ ఇరవై టిక్కు కొట్టడానికే పనికొస్తాయి.

క్రిటికల్ ఎక్విప్‌మెంట్ జాబితా వేరే ఉంచండి. 500 గ్రాస్ టన్నులు, ఆపైన ఉండి విదేశాలకి తిరిగే ఓడలకి ఐఎస్ఎం కోడ్ (ఓడల భద్రతకి అంతర్జాతీయ నియమావళి) 10వ అధ్యాయం దీన్ని కోరుతుంది. హఠాత్తుగా ఆగిపోతే ప్రమాదం తెచ్చే పరికరాలేవో గుర్తించి, వాటి నమ్మకం పెంచే చర్యలు పెట్టమంటుంది. హార్బర్ టగ్గులు చాలావరకు ఆ సైజుకి లోపే ఉంటాయి, అయినా ఆలోచన అక్షరాలా వర్తిస్తుంది. టగ్గులో అవి టోయింగ్ హుక్ ఎమర్జెన్సీ రిలీజ్, థ్రస్టర్ ఎమర్జెన్సీ కంట్రోల్, క్విక్ క్లోజింగ్ వాల్వులు (మంటలొస్తే ఇంధనం ఆపేసేవి), బిల్జ్ అలారం, ఎమర్జెన్సీ ఫైర్ పంపు, ఇంజన్ రూము సీఓటూ (మంటలార్పే గ్యాసు). వీటి జాబ్ వాయిదా వేయడానికి చీఫ్ ఇంజనీర్‌కి అధికారం ఇవ్వొద్దు. కారణం, ఈలోపు తీసుకునే జాగ్రత్త రాసి ఆఫీసు ఒప్పుకోవాలి. వాయిదా వేసిన జాబులు ‘ఓవర్‌డ్యూ’ లెక్కలోంచి మాయం కాకుండా చూసుకోండి. కొన్ని ప్యాకేజీల్లో వాయిదా వేయగానే ఎరుపు పోయి పచ్చ వస్తుంది, మేనేజ్‌మెంట్‌కి వెళ్లే రిపోర్టు కళకళలాడుతుంది, హుక్ మాత్రం టెస్టు కాదు.

స్పేర్లలో మేకర్ పార్ట్ నంబరు లేని లైనుని ఒప్పుకోవద్దు. ‘ఫిల్టర్, పెద్దది’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. స్టోరులో ప్రతి అరకీ, పెట్టెకీ నంబరు వేసి లేబులంటించి, చేత్తో లెక్కపెట్టి ఎక్కించండి. కనీస నిల్వ నిర్ణయించేటప్పుడు ధర చూడొద్దు, వచ్చే టైము చూడండి. మామూలు ఫిల్టర్లు, బేరింగులు చెన్నై నుంచి రోడ్డు మీద ఒకట్రెండు రోజుల్లో వస్తాయి, వాటికి తక్కువ నిల్వ చాలు. థ్రస్టర్ సీల్ సెట్ విదేశం నుంచి రావాలంటే నెలలు పట్టొచ్చు. డాకింగ్‌కి (టగ్గుని నీళ్లలోంచి తీసి చేసే మరమ్మతుకి) అది చేతిలో లేకపోతే డాకు అద్దె రోజురోజుకీ పెరుగుతుంది.

సిబ్బంది చేత నింపించడం గురించి. చీఫ్ ఇంజనీర్ నింపకపోవడానికి కారణం బద్ధకం కాదు, నింపితే తనకేమీ తిరిగి రాకపోవడం. తను అడిగిన స్పేర్ ఇండెంట్ (కావాలని రాసిన చీటీ) ఎక్కడుంది, ఆఫీసు ఒప్పుకుందా, ఆర్డర్ వెళ్లిందా, గేటు దగ్గరికొచ్చిందా అనేది అదే తెర మీద కనిపించేట్టు చేయండి. ఇండెంట్లని వాట్సాప్‌లో తీసుకోవడం ఆపేయండి. రెండు దార్లుంటే వాట్సాపే గెలుస్తుంది. జాబ్ క్లోజ్ చేసేటప్పుడు మూడే అడగండి: విప్పినప్పుడు ఎలా ఉంది, కొలత ఎంత వచ్చింది, ఏ స్పేర్ వాడారు.

ఉత్తుత్తి టిక్కులు పట్టుకోవడం కష్టం కాదు. నెలాఖరు సాయంత్రం వరసగా ముప్ఫై జాబులు క్లోజవడం, అన్నింటికీ ‘ఫౌండ్ ఓకే’ అనే ఒకే రాత, ఫిల్టర్ మార్చామన్నా స్టాకు తగ్గకపోవడం, టగ్గు పొద్దస్తమానం పనిలో ఉన్న రోజున పిస్టన్ విప్పినట్టు రాయడం. కనిపించగానే మనిషిని తిట్టేముందు ఆ జాబ్ అసలు అవసరమా, ఆ రోజు టగ్గుకి ఖాళీ ఇచ్చామా అని చూడండి. చాలాసార్లు తప్పు ప్లానింగ్‌లోనే ఉంటుంది.

పోర్టులో ఫోను సిగ్నల్ ఉన్నా ఇనుప గోడల మధ్య ఇంజన్ రూములో ఉండదు. ఆఫ్‌లైన్లో రాసుకుని పైకొచ్చాక కలిసిపోయే యాప్ కావాలి. గంటలు, పూర్తయిన పన్లు టగ్గు మాత్రమే మార్చాలి, జాబుల నిర్వచనం, గడువులు ఆఫీసు మాత్రమే మార్చాలి. ఇద్దరూ ఒకే గడిని మార్చగలిగితే కలిసేటప్పుడు ఒకరి రాత పోతుంది.

ఇప్పుడు కొనుగోలు. సముద్రాలు తిరిగే ఓడలకి డీఎన్‌వీ షిప్‌మేనేజర్, ఏమోస్ లాంటివి పేరున్నవి, టగ్గులు, వర్క్‌బోట్లకి హెల్మ్ కనెక్ట్ తెలిసినది. మీ ఏడు పడవలకి పెద్ద ఓడల ప్యాకేజీ బరువే. ఎవరొచ్చినా వాళ్ల డెమో చూడకండి, మీ ఒక టగ్గు డేటా ఇచ్చి చేసి చూపించమనండి: మీటర్ మార్చడం, హెడ్‌ని ఇంకో టగ్గుకి తరలించడం, స్థిర తేదీ సర్వే, ఆఫ్‌లైన్ క్లోజింగ్. హెడ్ తరలింపు చూపించలేనివాళ్లని అక్కడే ఆపేయొచ్చు.

మొదలుపెట్టేది ఒక్క టగ్గుతోనే, మూడు నెలలు నడిచాక మిగతావి. ‘చివరిసారి ఎప్పుడు చేశారు’ అన్నదానికి ఆధారం దొరకని పన్లు చాలా ఉంటాయి. వాటికి ఊహించిన తేదీలు వేయొద్దు. క్రిటికల్ అయితే వెంటనే, మిగతావి వచ్చే మూడు నెలల్లో విడతలుగా గడువు పెట్టి నిజంగా చేయించండి. పాత ఎక్సెల్‌ని ఆ రోజుతో రీడ్-ఓన్లీ చేసేయండి. ఒప్పందంలో ఒక షరతు ఉండాలి: మెషినరీ పట్టిక, జాబ్ చరిత్ర, స్టాకు, అటాచ్‌మెంట్లు మొత్తం మీరు ఎప్పుడడిగినా ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైళ్లుగా అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలి. సంతకం చేసేముందే ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేయించి, ఆ ఫైలులో సీరియల్ నంబర్లు, గంటలు కూడా వచ్చాయో లేదో తెరిచి చూడండి.