పదేళ్ల వాడి బ్యాగులో మందుల సంచి, ఫారంలో మాత్రం ఆస్తమా లేదు!

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు, బరువు 30 కిలోలు. మూడు వారాల్లో 12 రోజుల సమ్మర్ క్యాంప్‌కి పంపుతున్నాం. మమ్మల్ని వదిలి ఉండటం ఇదే మొదటిసారి. ఈలోపు రోగనిరోధక శక్తి పెరగడానికి మంచి టానిక్ చెప్పగలరా? ఏడాదిన్నర క్రితం ఆయాసం వస్తే ఆస్తమా అని రెండు ఇన్‌హేలర్లు రాశారు. తర్వాత బాగానే ఉన్నాడని రోజూ వాడేది ఆపేశాం. పరుగెత్తినప్పుడు, రాత్రిపూట అప్పుడప్పుడు దగ్గుతాడు, అంతే. ఆస్తమా అంటే చేర్చుకోరేమోనని ఫారంలో రాయలేదు. జ్వరానికి 650 బిళ్లలు, జలుబు సిరప్, క్రితంసారి మిగిలిన యాంటీబయాటిక్ సంచిలో పెట్టి, ఎప్పుడు ఏది వేసుకోవాలో వాడికి నేర్పాను. ఇంకేమైనా పెట్టాలా? బెంగ పెట్టుకుంటాడేమోనని కూడా భయంగా ఉంది.
– ఒక తల్లి

జవాబు: టానిక్ అక్కర్లేదమ్మా. సరిగా తిని ఎదుగుతున్న పిల్లాడికి మూడు వారాలు సిరప్ తాగించినంత మాత్రాన కొత్తగా వచ్చే శక్తి ఏమీ ఉండదు. ఆ బదులు టీకాల కార్డు తీసి, ఏమైనా మిగిలిపోయాయేమో చూపించుకోండి.

మీరు రాసినదాంట్లో నేను ఆగిపోయింది ఆ 'అంతే' దగ్గర. పరుగెత్తితే దగ్గు, రాత్రి దగ్గు. ఆస్తమా అదుపులో ఉందో లేదో తేల్చుకోవడానికి మేం ముందుగా అడిగేవి ఈ రెండే. పిల్లాణ్ణి చూడకుండా, గుండె ఊపిరితిత్తులు వినకుండా నేను ఖాయంగా చెప్పలేను కానీ, 'బాగానే ఉన్నాడు' అన్న మీ మాటతో ఏకీభవించడం మాత్రం కష్టం.

రోజూ వాడమన్న ఇన్‌హేలర్ ఆయాసం వచ్చినప్పుడు కొట్టేది కాదు. శ్వాసనాళాల లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది. ఆపగానే ఏమీ కాదు, అందుకే తల్లిదండ్రులు మోసపోతారు. మళ్లీ మొదలుపెట్టినా పూర్తి పని చూపించడానికి వారాలు పడుతుంది. మీ చేతిలో ఉన్నవి సరిగ్గా మూడే. అలాగని దాన్ని అల్మారాలోంచి తీసి మీరే మొదలుపెట్టకండి. ఏడాదిన్నర నాటి డోసు ఇప్పుడు సరిపోతుందో లేదో చూసే డాక్టరే చెప్పాలి. ఈ వారంలోనే వెళ్లండి.

అక్కడ అబ్బాయి చేత ఇన్‌హేలర్ ఒకసారి వాడించి చూపించమనండి. మా ఓపీలో రోజూ చూస్తుంటాను: పిల్లాడు ఠక్కున రెండుసార్లు నొక్కుతాడు, మందంతా నోటి చివరల నుంచి పొగలా బయటికి పోతుంది, తల్లి పక్కనే నిలబడి 'వాడికి బాగా వచ్చు సార్' అంటుంది. స్పేసర్‌లో (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఒక్కసారే నొక్కాలి, నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదలాలి, ఆ తర్వాతే ఇన్‌హేలర్ మళ్లీ ఊపి రెండోది. స్పేసర్‌ని సబ్బు నీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపల స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. ఇన్‌హేలర్‌లో మందు అయిపోయాక కూడా నొక్కితే బుస్సుమంటుంది కాబట్టి శబ్దాన్ని నమ్మకండి, ఇంకా ఎన్నిసార్లకి మందు ఉందో చూపే కౌంటర్ చూడండి.

ఇక ఫారం. కొత్త పరుపుల దుమ్ము, చలిమంట పొగ, రోజంతా పరుగులు, ఎవడో ఒకడి దగ్గర్నుంచి అంటుకునే జలుబు. ఆస్తమా రేగడానికి ఇంతకన్నా ఏం కావాలి? అర్ధరాత్రి రెండింటికి మీవాడు మంచం మీద లేచి కూర్చుని దగ్గుతుంటే, అక్కడున్న పాతికేళ్ల కుర్రాడు జలుబే అనుకుని నీళ్లు తాగించి పడుకోబెడతాడు. అతని తప్పేం లేదు, అతనికి మీరు చెప్పలేదు. ఈరోజే ఫారం సరిచేసి పంపండి. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ ఆఫీసు గది బీరువాలో తాళం వేసి కాకుండా, అబ్బాయి దగ్గర గానీ, అదే గదిలో పడుకునే పెద్దవాళ్ల దగ్గర గానీ ఉంటుందా అని అడగండి. ఏ లక్షణానికి ఎన్నిసార్లు కొట్టాలో మీ డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి ఇవ్వండి. మాట పూర్తి చేయలేకపోతున్నా, ఊపిరికి పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఇన్‌హేలర్ కొట్టినా తగ్గకపోయినా, తగ్గి నాలుగు గంటలలోపే మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని అందులో ఉండాలి. ఇదంతా విని 'మావల్ల కాదు' అంటే, ఈసారికి వేరే క్యాంపు చూసుకోండి.

ఇప్పుడు ఆ సంచి. కోప్పడుతున్నాననుకోకండి గానీ, పదేళ్లవాణ్ణి కాంపౌండర్‌ని చేసి పంపుతున్నారు. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన మీవాడికి ఒక డోసు 450. మీరు పెట్టినవి 650, అంటే పెద్దవాళ్లవి. పైగా చాలా జలుబు సిరప్‌లలో పారాసిటమాల్ ఉంటుంది. బిళ్లా సిరప్పూ కలిపి వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడుతుంది, దెబ్బ కాలేయానికి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వైరల్ జ్వరానికి పనిచేయదు, పనిచేసే జబ్బుకేమో ఆ నాలుగు బిళ్లలు చాలవు. అసలు అది ఎందుకు మిగిలింది? అదింకో రోజు మాట్లాడుకుందాం. పక్క మంచం పిల్లాడు తలనొప్పి అంటే మీవాడు పంచిపెట్టడని ఏమిటి నమ్మకం? ఆ పిల్లాడికి ఏ మందు పడదో ఎవరికి తెలుసు? సంచి తీసేయండి. రాసిచ్చిన మందులు మాత్రమే, వాటి అసలు పెట్టెల్లో, చీటీతో సహా పెద్దవాళ్ల చేతికే ఇవ్వాలి. ఇది చదివే మిగతా తల్లిదండ్రులకీ ఒక మాట: ఫిట్స్‌కి గానీ మరిదేనికి గానీ పిల్లలు రోజూ వాడే మందుకి 'సెలవులే కదా' అని సెలవివ్వకండి.

ఎండ గురించి మీరు అడగలేదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగమనండి. ఎండలో ఆడుతూ తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా ఆట ఆపి చెప్పాలి. ఏ కుక్కో పిల్లో కరిచినా, గీరినా తిడతారని దాచకూడదు. సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకి చూపించాలి.

బెంగ సంగతికి వస్తే, అది జబ్బు కాదు. మొదటి రెండు మూడు రోజులు కడుపునొప్పి అంటాడు, చాలామందికి ఆ తర్వాత సర్దుకుంటుంది. ఈలోపు రెండు రాత్రులు చుట్టాలింట్లో మీరు లేకుండా పడుకోబెట్టి చూడండి. 'నచ్చకపోతే ఫోన్ చెయ్ నాన్నా, వచ్చి తీసుకొచ్చేస్తా' అని మాత్రం అనకండి. ఆ మాట అన్నారంటే వాడు ఆటలు మానేసి గేటు వైపు చూస్తూ కూర్చుంటాడు. తిండి, నిద్ర రోజుల తరబడి మానేస్తే అది వేరే సంగతి, మీకు కబురు చేయమని ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా ఒంటి మీద చేయి వేసి ఇబ్బంది పెట్టినా, 'ఇంట్లో చెప్పకు' అన్నా, ఏ వేళైనా సరే మీకు ఫోన్ చేయించమని అడగొచ్చని వాడికి స్పష్టంగా చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు ఇన్‌హేలర్లూ స్పేసరూ పట్టుకెళ్లండి. ఆ మందుల సంచి కూడా.